బిట్లు, బైట్లు: ఇంటర్నెట్ వేగాన్ని లెక్కించడం

మీరు సెకనుకు 40 మెగాబిట్ల వేగంతో ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్నారనుకోండి. వీడియో పాఠాన్ని డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం తెరపై సెకనుకు దాదాపు 5 మెగాబైట్లే కనిపిస్తుంది. మిగిలిన 35 ఏమయ్యాయి? ఎక్కడికీ పోలేదు. ఇవి రెండూ వేర్వేరు ప్రమాణాలు.

సమాచారానికి అతి చిన్న ప్రమాణం బిట్. దాని విలువ 0 లేదా 1. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. 'బైట్' అనే మాటను 1956లో ఐబీఎంలో పనిచేస్తున్న వెర్నర్ బుఖోల్ట్జ్ రూపొందించారు. 1964లో వచ్చిన సిస్టమ్/360 కంప్యూటర్లతో ఎనిమిది బిట్ల బైట్ స్థిరపడింది. ఉదాహరణకు, యూటీఎఫ్-8 పద్ధతిలో 'అ' అక్షరానికి 3 బైట్లు, అంటే 24 బిట్లు కావాలి.

ఇంగ్లీషు సంక్షిప్త రూపాల్లో బిట్‌కు చిన్న 'బి', బైట్‌కు పెద్ద 'బి' రాస్తారు. తెలుగు లిపిలో ఈ తేడా ఉండదు. రెండూ 'ఎంబీ'గానే అచ్చవుతాయి. కాబట్టి దేన్ని కొలుస్తున్నారో గమనించండి. కనెక్షన్ వేగాన్ని, స్పీడ్ టెస్ట్ ఫలితాన్ని సాధారణంగా బిట్లలో చెబుతారు. ఫైలు పరిమాణాన్ని, రోజువారీ డేటా పరిమితిని బైట్లలో చెబుతారు.

సూత్రం: మెగాబిట్లు ÷ 8 = మెగాబైట్లు.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ కనీస డౌన్‌లోడ్ వేగాన్ని 2023లో 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచారు. ఆ కనీస వేగంతో సెకనుకు వచ్చేది 0.25 మెగాబైట్. 60 మెగాబైట్ల పాఠానికి 60 ÷ 0.25 = 240 సెకన్లు, అంటే 4 నిమిషాలు పడుతుంది. ఎనిమిదితో భాగించడం మరిస్తే 30 సెకన్లు చాలుననిపిస్తుంది. పరీక్షకు ముందు పాఠాలు దించుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఆచరణలో వేగం ఈ లెక్కకన్నా కొంత తగ్గుతుంది. ఫైలుతో పాటు చిరునామా వంటి అదనపు సమాచారం కూడా ప్రయాణించడం, ఇంట్లో పలువురు ఒకే కనెక్షన్ వాడటం ఇందుకు కారణాలు. అయితే మీ 40 మెగాబిట్ల కనెక్షన్‌లో ఎప్పుడు చూసినా సెకనుకు 1 మెగాబైటే వస్తుంటే, అది 8 మెగాబిట్లతో సమానం. మరో వెబ్‌సైట్ నుంచి, వీలైతే వైఫై బదులు కేబుల్‌తో పరీక్షించండి. అప్పటికీ మారకపోతే ఆ అంకెలతో ఫిర్యాదు చేయండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో 1,500 మెగాబైట్ల డేటా దించుకోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?
(జవాబు: 100)