గానుగెద్దువలెఁ దిరిగిన గడియారము

కంప్యూటరుతోఁ బరిచయము గలవారందఱును ఎఱిఁగిన సంగతి యొకటి కలదు. అంతవఱకు సవ్యముగా నడచుచున్న యంత్రము హఠాత్తుగా వేడెక్కును. లోపలి పంకా గట్టిగా మ్రోఁగును. ఏ మీట నొక్కినను బదులు రాదు. చూచువారు యంత్రము నిలిచిపోయినదందురు. నిజమునకు అది నిలువలేదు. క్షణమైనను విరామము లేక పనిచేయుచున్నది. దాని మెదడనఁదగిన ప్రాసెసరు కాలమంతయు ఏదో యొక ప్రోగ్రామే మ్రింగివేయుటచేఁ దక్కిన పనులకుఁ దావు లేకపోయినది. ఇట్టి రోగమునకు మూలమెట్లు కనుఁగొనవలయునో, నిజముగా జరిగిన యొక యుదాహరణముచేఁ దెలిపెదను.

మైక్రోసాఫ్టు కంపెనీవారు 2006 నవంబరులో అమెరికాదేశమున జేబులోఁ బట్టునంతటి పాటల యంత్రము నొకదానిని విక్రయింప మొదలిడిరి. దాని పేరు జూన్. (ఇది నెలపేరు గాదు; చదువరులు పొరపడఁగూడదు.) 30 గిగాబైట్ల డిస్కుగల ఈ మొదటి రకపు యంత్రములు 2008 డిసెంబరు 31వ తేదీ తెల్లవాఱుజామున, ఊరూరను, ఒక్కపెట్టున బిగుసుకొనిపోయినవి. పేరు తెర కనఁబడును. అటుపై నేమియు లేదు. తరువాత వచ్చిన రకములకు మాత్రము బాధ కలుగలేదు. ఆ రాత్రి సంబరములకై పాటలు కూర్చుకొన్నవారి యవస్థ యూహింపఁదగినదే!

ఇచ్చట మొదటి యానవాలు చూడుఁడు. ధూళియు వేఁడియు పంచాంగము చూచి రావు. వేర్వేఱు ఇండ్లలోని యంత్రములు ఒకే నాఁడు చెడినవనఁగాఁ దప్పు తేదీని లెక్కించు చోటనే యుండవలెను.

పెద్ద కంప్యూటరులో నైనచో వెదకుట కొంత సులభము. ప్రాసెసరు కాలమును ఏ ప్రోగ్రాము ఎంత తినుచున్నదో చూపు పట్టిక యొకటి యుండును. విండోసులో దానిని టాస్కు మేనేజరందురు. దోషి తెలిసిన పిమ్మట దానిని నడుమ నాపి, ఏ వాక్యముకడ నున్నదో గుర్తింపవలెను. మరల నడువనిచ్చి మరల నాపవలెను. ఐదాఱు మాఱులు ఆపినను ఆ నాలుగు వాక్యములే కనఁబడినచో అది గానుగెద్దే. నడక యున్నది గాని ప్రయాణము లేదు. అప్పుడు, చుట్టు చుట్టునకును మాఱవలసిన సంఖ్య యేదో, అది మాఱుచున్నదో లేదో చూడవలెను.

జూన్ గడియారపు ప్రోగ్రాము పాఠము ఇంటర్నెట్టులో దొరకుచుండుటచే బయటివారును దానిని చదివి తప్పున్న చోటు చూపిరి. ఆ లెక్క యిట్లుండెను. గడియారము 1980 జనవరి 1వ తేదీ మొదలు గడచిన దినములను మాత్రమే యెఱుఁగును. దానినుండి సంవత్సరము తెలిసికొనుటకై, మిగిలిన దినములు 365కు మించియున్నంత కాలము ప్రోగ్రాము తిరుగుచుండవలెను. సామాన్య సంవత్సరమైనచో ప్రతి చుట్టునను 365 తీసివేసి, సంవత్సరము నొకటి పెంచవలెను. లీపు సంవత్సరమైనచో, దినములు 366కు మించినపుడు మాత్రమే 366 తీసివేసి, సంవత్సరము నొకటి పెంచవలెను. మించకున్నచో నేమి చేయవలెనో వ్రాయలేదు.

మొదటిసారి చదివినపుడు నాకును తప్పు కనఁబడలేదు. కాగితముపై సంఖ్యలు వేసికొన్న పిమ్మటనే తెలిసినది. మీరును వేసి చూడుఁడు. 2008 డిసెంబరు 31 నాఁటికి దినసంఖ్య 10,593. 1980 మొదలు 2007 వఱకు గల 28 సంవత్సరములకు 10,227 తీసివేయఁగా మిగిలినది 366. అది 365కు మించినది గనుకఁ దిరుగుట మానరాదు. 2008 లీపు సంవత్సరము. 366 అను సంఖ్య 366కు మించినది గాదు గనుకఁ దీసివేయరాదు. మరల మొదటికి! సంఖ్య మాఱదు, చుట్టు తెగదు. బ్యాటరీ మాత్రము కరఁగిపోవుచుండును.

తప్పు ఆనాఁడు పుట్టినది గాదు. యంత్రము వెలువడినది 2006లో. ఆ యేఁడును మఱుసటి యేఁడును డిసెంబరు 31 అనునది 365వ దినమే. 366వ దినమును అది చూచుట అదియే మొదలు.

బ్యాటరీని పూర్తిగా నయిపోనిచ్చి, గ్రీనిచి కాలమానము ప్రకారము జనవరి 1వ తేదీ మధ్యాహ్నము దాఁటిన పిమ్మట మరల నడపుఁడని కంపెనీవారు సలహా యిచ్చిరి. ఆ వేళకు అమెరికా పడమటి తీరమునఁగూడ క్రొత్త సంవత్సరము ప్రవేశించి నాలుగు గంటలగును. ఇది మంత్రము గాదు. మఱునాఁడు శేషము 367. అది 366కు మించినది గనుక తీసివేఁత జరిగి 1 మిగులును, సంవత్సరము 2009 అగును. యంత్రములు లేచి పాడినవి.

ఇఁక ప్రోగ్రామును దిద్దుట యెట్లు? "366కు మించినచో" అను మాటను "366 గాని అంతకు మించి గాని యైనచో" అని మార్చిన చాలునని తొందరపడువా రందురు. అట్లు చేసినచో చుట్టు తెగును గాని, శేషము సున్న యై, 2009వ సంవత్సరపు సున్నవ దినమని గడియారము చెప్పును! బిగుసుకొన్న యంత్రమును జనులు వెంటనే గుర్తింతురు; తప్పు తేదీ చెప్పు యంత్రమును ఎన్నాళ్లకో గాని గుర్తింపరు. కావున మార్పవలసినది తీసివేఁతకాడ గాదు, తిరుగుట మాను షరతుకాడ. మిగిలిన దినములను ఎల్లప్పుడును 365తోఁ గాక, ఆ యా సంవత్సరపు నిజమైన దినసంఖ్యతోఁ బోల్చవలెను. అప్పుడు 2008లో మిగిలిన 366 దినములు 366కు మించవు. చుట్టు అక్కడనే తెగి, గడియారము డిసెంబరు 31 అని చెప్పును.