బీపీ, షుగర్ మాత్రలు: పని చోట పాటించవలసిన జాగ్రత్తలు

బీపీ ఉన్నా చాలామందికి ఒంట్లో ఏ బాధా తెలియదు. అందుకే రెండు నెలలు గోలీలు వేసుకుని, బాగానే ఉంది కదా అని మానేస్తారు. ఇంటికి డబ్బు పంపడం ఒక్క నెల కూడా మరిచిపోని మనిషి తన మాత్ర దగ్గర మాత్రం అశ్రద్ధ చేస్తాడు. మీరు బాగున్నది ఆ మాత్ర వల్లనే. మానేస్తే బీపీ మళ్ళీ పెరుగుతుంది, పక్షవాతం గానీ గుండెపోటు గానీ చెప్పి రావు. డాక్టరు చెప్పనిదే మాత్ర మానవద్దు, తగ్గించవద్దు.

రోజూ తప్పకుండా చేసే పనికి మాత్రను జత చేసుకోండి. పళ్ళు తోముకోగానే, కంపెనీ బస్సు ఎక్కక ముందే వేసుకోవచ్చు. నైట్ షిఫ్టు పడితే వేళ ఎలా మార్చుకోవాలో డాక్టరును అడగండి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు కలిపి మింగవద్దు.

షుగర్ ఉన్నవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకుని తిండి మానేస్తే షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, కళ్ళు తిరగడం మొదలవుతాయి. గల్ఫ్ ఎండలో సైటు మీద ఉన్నప్పుడు ఇదంతా వేడి వల్లే అనుకుని ఊరుకుంటారు, ప్రమాదం అక్కడే ఉంది. వెంటనే పని ఆపి మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి, తరువాత ఏదైనా తినండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ తాగి, ఫోర్‌మన్‌కు చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, అంబులెన్సును పిలవండి. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోవడం, మీకు షుగర్ ఉందని రూములో ఒకరికైనా చెప్పి ఉంచడం మంచిది. దాచుకోవలసిన జబ్బు కాదిది.

మందులను ఎండ తగిలే కిటికీలో, బండి డాష్‌బోర్డు మీద పెట్టవద్దు. తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టే అరలో మాత్రం కాదు.

నడుము నొప్పికి రూమ్మేటు ఇచ్చిన డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రోజూ మింగితే బీపీ పెరుగుతుంది. నీళ్ళు సరిగ్గా తాగక చెమటోడ్చే వారికి కిడ్నీలు కూడా దెబ్బతింటాయి.

మందు అయిపోవడానికి పది రోజుల ముందే క్లినిక్‌కు వెళ్ళండి. ఇక్కడ అదే మందు వేరే కంపెనీ పేరుతో దొరుకుతుంది. ఊరి నుంచి తెచ్చింది, ఇక్కడ కొన్నది ఒకటే అని తెలియక రెండూ వేసుకునేవారున్నారు. పాత స్ట్రిప్ పారేయకుండా ఫార్మసీలో చూపించండి.

ఇండియా నుంచి మందులు తెచ్చుకుంటే స్ట్రిప్పులోనే, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోండి. ట్రమడాల్ నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు యూఏఈ, సౌదీల్లో మత్తు మందుల కింద లెక్క. అనుమతి లేకుండా దొరికితే అరెస్టు చేస్తారు. ఎయిర్‌పోర్టులో తెలిసినవాళ్ళు ఇచ్చిన పొట్లమైనా సరే, లోపల ఏముందో చూడకుండా పట్టుకోవద్దు.