స్కాన్ చేస్తే డబ్బులు రావు, పోతాయి: క్యూఆర్ మోసాల లోగుట్టు

పెదవేగిలో ఎవరో పాత బైక్‌ని ఓఎల్ఎక్స్‌లో పెట్టారనుకుందాం. అరగంటలో ఫోన్ వస్తుంది. "ఆర్మీలో చేస్తానండి, బండి నచ్చిందండి, అడ్వాన్స్ పంపేస్తాను" అంటాడు. బేరం ఆడడు, బండి చూడ్డానికి రాడు. వాట్సాప్‌లో ఒక క్యూఆర్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ అకౌంట్లో పడిపోతాయి" అంటాడు. కొన్నేళ్లుగా దేశమంతా తిరుగుతున్న స్క్రిప్టే ఇది. బేరమాడకుండా పాత బండి కొనేవాడు ఏలూరు చుట్టుపక్కల ఎక్కడున్నాడు చెప్పండి?

అసలు ఆ కోడ్‌లో ఏముంటుంది? మీ వీధి కిరాణా కొట్టు క్యూఆర్‌ని పేమెంట్ యాప్‌తో కాకుండా మామూలు క్యూఆర్ రీడర్‌తో చూడండి. 'యూపీఐ పే' అని మొదలయ్యే ఒక లింక్ కనిపిస్తుంది, అంతే. అందులో 'పీఏ' అంటే డబ్బు అందుకునేవారి యూపీఐ ఐడీ, 'పీఎన్' అంటే పేరు, 'ఏఎమ్' ఉంటే ఎంత కట్టాలో ఆ మొత్తం. స్కాన్ చేసినవాళ్లకి డబ్బు వేయమనే ఆదేశం అందులో ఎక్కడా లేదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

ఇంకో తిరకాసు ఏంటంటే, ఆ 'పీఎన్' దగ్గర కోడ్ తయారుచేసినవాడు ఏ పేరైనా రాసుకోవచ్చు. అందుకే 2025 జూన్ 30 నుంచి బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే యాప్‌లు చూపించాలని ఎన్‌పీసీఐ రూల్ పెట్టింది. పిన్ కొట్టేముందు స్క్రీన్ మీద చదవాల్సింది ఆ పేరే.

ఆ పేరు ఎంత పనిచేస్తుందో 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో తెలిసింది. రాత్రికి రాత్రి కొన్ని షాపుల ముందున్న క్యూఆర్‌ల మీద మోసగాళ్లు తమ స్టిక్కర్లు అతికించిపోయారు. ఒక మెడికల్ షాపులో కస్టమర్ "పేరు వేరేది వస్తోంది" అనడంతో గుట్టు బయటపడింది. మీ ఇంట్లోవాళ్లకి కొట్టు ఉంటే కోడ్‌ని కౌంటర్ లోపలికి జరపండి. సౌండ్‌బాక్స్ మోగకపోతే కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్‌ని నమ్మొద్దు.

"పిన్ అడిగితేనే కదా డబ్బు పోయేది" అనే ధీమా కూడా ఇప్పుడు పాతబడింది. యూపీఐ లైట్ ఆన్‌లో ఉంటే 1,000 రూపాయల వరకు పిన్ లేకుండానే వెళ్లిపోతాయి. 2025 అక్టోబరు నుంచి వేలిముద్ర, ముఖంతో కూడా పేమెంట్ చేసే వీలొచ్చింది. అదే నెలలో వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్ట్‌లు ఆపేశారు కాబట్టి మోసగాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. క్యూఆర్ దారి మాత్రం తెరిచే ఉంది.

స్కాన్ చేయగానే పేమెంట్ యాప్ బదులు బ్రౌజర్ తెరుచుకుని ఏపీకే ఫైల్ దించుకోమంటే అక్కడే ఆపేయండి. ఈపాటికే డబ్బు పోయిందా? ముందు 1930కి ఫోన్ చేయండి, లావాదేవీ నంబర్ దగ్గర పెట్టుకోండి. డబ్బు రెండో అకౌంట్‌కి, అక్కణ్నుంచి మూడోదానికి మారేలోపే ఆపాలి. బ్యాంకు తెరిచేదాకా కూర్చోకండి.