దించుకొనిన కాగితము ఎక్కడ నున్నది?

పూర్వము భూమికి సంబంధించిన నకలు కావలెనన్న, రైతు కరణముగారి అరుగుపై గంటల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. ఆ పదవులు 1984లో రద్దయినవి. నేడు అడంగలు, 1-బి, ఆధారు, పరీక్షల హాల్‌టికెట్టు మున్నగునవి చేతిలోని ఫోనునకే వచ్చుచున్నవి. అయినను ఒక చిక్కు మిగిలియున్నది. “డౌన్‌లోడ్ అయినది” అని ఫోను చెప్పును. కాగితము మాత్రము కంటికి కనిపించదు. తుదకు నెట్ సెంటరునకు పోయి, ఒకే కాగితమునకు రెండు మూడు పర్యాయములు రుసుము చెల్లించి, ఆ పూట కూలియు పోగొట్టుకొనువారు కలరు. దరఖాస్తునకు కడపటి దినమైనచో నష్టము మరింత పెద్దది. ఈ చిక్కును తొలగించుకొను మార్గమును ఇచట వివరించుచున్నాము.

కాగితము చేరు చోటు

డౌన్‌లోడ్ అనగా దూరముననున్న యంత్రమునుండి ఒక ప్రతి మన యంత్రమునకు వచ్చి చేరుట. అది ఎచటికిని మాయమైపోదు. ధాన్యమునకు గాదె యున్నట్లు, దించిన పత్రములకు ఫోనులోను, కంప్యూటరులోను “డౌన్‌లోడ్స్” అను అర యొకటి యుండును.

ఆండ్రాయిడ్ ఫోనులో “ఫైల్స్” లేక “మై ఫైల్స్” అను గుర్తును నొక్కి, అందు “డౌన్‌లోడ్స్” తెరువవలెను. ఐఫోనులోను “ఫైల్స్” అను గుర్తులోనే వెదకవలెను. కంప్యూటరులో క్రోమ్ ద్వారా దించినచో, కంట్రోల్ మీటను అదిమిపట్టి జె అక్షరమును నొక్కిన, దించిన వాని జాబితా కనిపించును.

వాట్సాప్‌లో వచ్చిన కాగితము సాధారణముగా ఈ అరలో నుండదు. పంపినవారి సంభాషణను తెరచి, పైన వారి పేరును నొక్కినచో, వారు పంపిన చిత్రములు, పత్రములు ఒకేచోట దొరకును.

తెరచుకొనకున్న

ఆధారు పత్రము సంకేతపదము నడుగగా, అది చెడిపోయినదని భ్రమపడువారు కలరు. పేరులోని మొదటి నాలుగు ఆంగ్లాక్షరములను పెద్ద బడిలో వ్రాసి, వెంటనే పుట్టిన సంవత్సరమును చేర్చిన చాలును. 1978లో పుట్టిన రాములు ఆర్, ఏ, ఎం, యు అను అక్షరముల పిదప 1978 వేయవలెను.

పేరుపెట్టి భద్రపరచుట

దించిన పత్రములకు తరచు అర్థముకాని అంకెలే పేర్లుగా నుండును. మరల దించినకొలది అదే పేరునకు 1, 2 అని తోకలు చేరి గందరగోళము పెరుగును. కావున చేతికి వచ్చిన వెంటనే “రీనేమ్” అను సదుపాయముతో “అడంగలు 2025” వలె పేరు మార్చి, “ఇంటి కాగితములు” అను వేరొక అర నేర్పరచి అందుంచవలెను. ఫోను పోయిన కాగితములును పోవును గనుక, ముఖ్యమైనవాని ప్రతి నొకదానిని తమ ఈమెయిలుకు పంపుకొనుట మేలు. కేంద్రప్రభుత్వము 2015లో నెలకొల్పిన డిజిలాకర్‌లో ప్రభుత్వశాఖలు జారీచేసిన పత్రములు చట్టరీత్యా అసలు పత్రములతో సమానములు.

రెండు జాగ్రత్తలు

మొదటిది, పరుల కంప్యూటరును గూర్చినది. నెట్ సెంటరులో ఆధారును, బ్యాంకు పుస్తకమును దించి, అచ్చు తీయించుకొని వచ్చివేయుదుము. ప్రతి మాత్రము ఆ యంత్రములోనే నిలిచియుండును. ఇంటి తాళపుచెవిని సంతలో వదలివచ్చుట యెట్లో ఇదియు నట్టిదే. లేచుటకు ముందు ఆ పత్రమును తొలగింపించి, “రీసైకిల్ బిన్” అను చెత్తబుట్టను గూడ ఖాళీ చేయించవలెను.

రెండవది మరింత ప్రమాదకరము. పేరు చివర “ఏ పి కె” అను అక్షరములున్నది కాగితము కాదు. ఫోనులో స్థానమేర్పరచుకొని పనిచేయు ప్రోగ్రాము. పి.ఎం. కిసాన్ జాబితా యనియు, వాహన చలానా యనియు పేర్లు పెట్టి మోసగాండ్రు వీనిని వాట్సాప్‌లో పంపుచున్నారు. తెరచి స్థాపించినచో బ్యాంకు సొమ్మునకే ముప్పు. ఎరిగినవారి నంబరునుండి వచ్చినను ముట్టరాదు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

చదువుకొనిన యువతీయువకులకు మా మనవి యొకటి కలదు. పెద్దల ఫోను తీసికొని పని చక్కబెట్టి యిచ్చుట సులభమే. కాని ఫోను వారి చేతిలోనే యుంచి, ఆ అరను వారిచేతనే తెరపించుడు. ఒకసారి తానై తెరచినవాడు మరల ఒకరి గడప తొక్కడు. తన కాగితము తన చేతిలో నున్నప్పుడే రైతునకు నిశ్చింత.