బీరువాలోని అమానత్

కొన్నేళ్ల క్రితం ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత పిల్లల కోసం వీధి చివరి బండి నుండి మిరపకాయ బజ్జీలు తెప్పించాను. పొట్లం విప్పగానే నూనె మరకల మధ్య ఒక ముఖం కనిపించింది. అది మా మదర్సా విద్యార్థి ఒకరి తండ్రి ఆధార్ నకలు. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం ఆయన మాకిచ్చిన కాగితమది. బీరువాలోని పాత కాగితాలను తూకానికి అమ్మించినవాణ్ణి నేనే. మరునాడు ఆయనను కలిసి క్షమించమని కోరాను. “కాగితమే కదా మౌల్వీ సాబ్, పోనివ్వండి” అన్నారాయన. కాని నా మనసు కుదుటపడలేదు.

అమానత్ అనగానే మనకు నగలు, నగదు గుర్తుకొస్తాయి. మక్కావాసులు తమ సొమ్మును దైవప్రవక్త (స) వద్ద దాచుకునేవారు. శత్రువులు ప్రాణం తీయడానికి పొంచి ఉన్న హిజ్రత్ సమయంలో సైతం, ఆ సొమ్మును ఎవరిది వారికి అప్పగించడానికి ఆయన హజ్రత్ అలీ (రజి)ని మక్కాలోనే ఉంచి వెళ్లారు. అమానతులను హక్కుదారులకు అప్పగించాలన్న ఆదేశం సూరె నిసా 58వ ఆయత్‌లో ఉంది. ఒక వ్యక్తి మాట చెబుతూ అటూఇటూ చూస్తే, ఆ మాట కూడా అమానతేనని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలోని హదీసు ద్వారా తెలుస్తున్నది. చూపులోని సంకోచమే ఒక మాటను అమానత్‌గా మార్చినప్పుడు, ఉద్యోగం కోసం నమ్మి ఇచ్చిన ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు అమానత్ కాకుండా ఎలా ఉంటాయి?

కాగితం చేతులు మారితే

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాలపైని వేలిముద్రలకు నకిలీ అచ్చులు తయారుచేసి, ఇతరుల పేర వేలాది సిమ్‌లు తెరిచాడన్నది అతనిపై అభియోగం. ఆ వేలిముద్రల యజమానులు చేసిన తప్పేమీ లేదు. తమ భూమిని రిజిస్టరు చేయించుకున్నారు, అంతే.

మన పేర ఇతరులు సిమ్ తీసుకోవచ్చు, ఖాతా తెరవవచ్చు, అప్పు చేయవచ్చు. బాకీ వసూలు చేసేవారు మాత్రం మన గుమ్మమే తడతారు. ఇతరుల గుర్తింపును మోసపూరితంగా వాడుకున్నవారికి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కాని చట్టం దృష్టికి రాని నిర్లక్ష్యానికీ అల్లాహ్ సన్నిధిలో లెక్క ఉంటుంది.

ఇచ్చేవారు, పుచ్చుకునేవారు

నకలు ఇచ్చేటప్పుడు ఏ పని నిమిత్తం ఇస్తున్నారో దానిపైనే రాసి, తేదీ వేసి సంతకం చేయండి. అంగీకరించే చోట్ల చివరి 4 అంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇవ్వండి. ఆధార్ వెబ్‌సైటులో వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం ఉంది. మీ పేర ఎన్ని ఫోన్ నంబర్లు ఉన్నాయో ‘సంచార్ సాథీ’లో చూసుకోవచ్చు. ఫోనుకు వచ్చే ఓటీపీని తోటి ఉద్యోగికి సైతం చెప్పకండి. మోసపోయి డబ్బు కోల్పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి.

పుచ్చుకునేవారి బాధ్యత ఇంకా పెద్దది. అవసరమైన కాగితమే అడగండి. బీరువాకు తాళం వేయండి. కంప్యూటర్‌ను తెరిచి ఉంచి లేచి వెళ్లకండి. ఒకరి పత్రాల ఫోటోలను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. సోదరీమణుల ఫోటోలు, ఫోన్ నంబర్ల విషయంలో మరింత అప్రమత్తంగా ఉండండి. అవి వారి గౌరవంతో ముడిపడినవి. పని ముగిసి, దాచవలసిన గడువూ తీరాక కాగితాలను ముక్కలు ముక్కలుగా చించివేయండి.

ఇప్పుడు మా మదర్సా నుండి పేర్లున్న కాగితమేదీ తూకానికి వెళ్లడం లేదు. అయినా మిరపకాయ బజ్జీల పొట్లం ఎక్కడ కనిపించినా, ముందు ఆ కాగితాన్నే చదువుతాను. మన చేతికి వచ్చిన ప్రతి అమానత్‌నూ కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.