విద్యార్థులు – సంఘసేవ

ఎల్.బి. నగర్ కూడలిలో తెల్లవారుజామున నిలిచి చూచినవారికి ఒక దృశ్యము తరచు కనిపించును. విజయవాడ రోడ్డుమీదుగా వచ్చు బస్సులు అక్కడ ఆగును. భుజాన సంచి, చేతిలో పచ్చడి డబ్బా పట్టుకొని నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం ప్రాంతముల పిల్లలు దిగుదురు. కొందరు కళాశాలలో చేరవచ్చినవారు, కొందరు దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్లలో ఉద్యోగ పరీక్షలకు చదువవచ్చినవారు. వెంట వచ్చిన తండ్రి హాస్టలు గది చూచి, ఫీజు కట్టి, తిరుగు బస్సు ఎక్కబోవుచు ఒక మాట చెప్పును: “బిడ్డా, సదువు మీదనే మనసు పెట్టు. సంఘాలు గింఘాలు అని తిరగకు.”

ఆ తండ్రిని తప్పుపట్టుటకు మేము ఈ ప్రసంగము తలపెట్టలేదు. అతడు పంపునది అప్పు చేసిన డబ్బు కావచ్చును. సంఘము అనగానే జెండాలు, ఊరేగింపులు, పోలీసు ఠాణా అతని కన్నుల ముందు మెదలును. మన ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రలో ఆ భయమునకు ఆధారము లేకపోలేదు. 1938లో వందేమాతరము పాడినందుకు బహిష్కృతులైన విద్యార్థులు నాగపూరు విశ్వవిద్యాలయమునకు పోయి చదువు కొనసాగించవలసి వచ్చినది. అట్లు పోయినవారిలో ఒకరైన పి.వి. నరసింహారావుగారు 1991లో దేశ ప్రధానమంత్రి అయినారు. అయితే అట్టి ఉద్యమములు ఎప్పుడో ఒకప్పుడు వచ్చునవి. మేము నేడు ముచ్చటింపబోవునది వారమునకు రెండు మూడు గంటలలో చేయదగిన చిన్న పనులను గురించి. వాటివలన చదువు చెడునా, బాగుపడునా అన్నదే ప్రశ్న.

ముందుగా స్వచ్ఛంద సేవకుడు అనగా ఎవరో తెలుసుకొందము. దీనికి మన తెలుగునాటనే చక్కని ఉదాహరణ ఉన్నది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. అక్కడి ఖద్దరు ప్రదర్శన ద్వారము వద్ద పదునాలుగేండ్ల బాలికను కాపు ఉంచినారు. టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకు చెప్పినారు. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండ వచ్చినారు. ఆ బాలిక ఆయనను ఆపివేసినది. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చి ఇచ్చిన తరువాతనే లోనికి పోనిచ్చినది. నెహ్రూ కోపగించుకొనలేదు సరికదా ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొన్నారు. ఆ బాలికయే తరువాత ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి, రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆ బాలిక చేసిన పని గొప్ప త్యాగమేమీ కాదు. నిలువుమన్న చోట నిలిచినది. ఒప్పుకొన్న మాటను ఎదుటి మనిషిని చూచి మార్చలేదు. సేవ అనుదానిలో సగము ఇదియే అని మా అభిప్రాయము.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత విద్యార్థుల సేవ ఎట్లుండవలెనన్న చర్చ చాలకాలము సాగినది. అంతకు పూర్వము ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948–49లో నడచిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, సేవ ఇష్టపూర్వకముగా ఉండవలెనని సూచించినది. పది సంవత్సరముల తరువాత, దుర్గాబాయిగారి భర్త సి.డి. దేశ్‌ముఖ్ గారి సంఘము విద్యార్థులందరికి దానిని నిర్బంధము చేయవలెనన్నది. ఇతర దేశముల అనుభవమును పరిశీలించిన కె.జి. సైయదైన్ గారు మరల ఇష్టపూర్వకమే మేలన్నారు. తుదకు గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము ఆరంభమైనది. మన పిల్లలు ఎన్.ఎస్.ఎస్. అని పిలుచునది దీనినే. “నేను కాదు, మీరు” అన్నది దాని ధ్యేయవాక్యము.

దీని నడక సులభముగా తెలియునదే. ఒక శాఖలో సుమారు నూరుగురు విద్యార్థులుందురు. వారికి ఒక అధ్యాపకుడు అధికారిగా ఉండును. విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు పనిచేయవలెను. ఇదికాక ఏదైన పల్లెలోనో బస్తీలోనో ఏడు దినముల ప్రత్యేక శిబిరము ఉండును. తలిదండ్రులు ఒకసారి లెక్క వేసి చూడవలెనని మా మనవి. 120 గంటలను 52 వారములకు పంచినచో వారమునకు రెండున్నర గంటలు కూడ రావు. చేతిలోని సెల్‌ఫోను ఒక్క సాయంత్రములో అంతకన్న ఎక్కువ కాలమును మింగివేయుచున్నది!

గంటలు లెక్కకు వచ్చినంత మాత్రమున సేవ జరిగినట్లు కాదు. మేము చదువుకొను రోజులలో ఒక వానకాలమున మొక్కలు నాటినాము. ఫొటోలు తీయించుకొన్నాము, ధ్రువపత్రములు పుచ్చుకొన్నాము. వేసవిలో వాటికి నీరు ఎవరు పోయవలెనో ఎవరూ అడుగలేదు, మేమును అడుగలేదు. ఏడు తిరిగేసరికి గుంతలే మిగిలినవి. ధ్రువపత్రము మాత్రము నేటికిని మా బీరువాలో భద్రముగా ఉన్నది. దానిని చూచినప్పుడెల్ల మాకు సిగ్గు కలుగును.

మరి దిల్‌సుఖ్‌నగర్‌లో నివసించు విద్యార్థి చేయదగిన పని ఏమున్నది? మూడింటిని చెప్పెదము.

మొదటిది, చూపులేని అభ్యర్థులకు పరీక్ష వ్రాసిపెట్టుట. చూపులేనివారును ఉద్యోగ పరీక్షలకు కూర్చుండుచున్నారు. వారు చెప్పుచుండగా వ్రాయుటకు ఒక లేఖకుడు కావలెను. గంటకు 20 నిమిషముల చొప్పున వారికి అదనపు కాలము ఉండును. అనగా మూడు గంటల పరీక్షకు లేఖకుడు నాలుగు గంటలు కూర్చుండవలెను. ప్రశ్నను స్పష్టముగా చదువవలెను, చెప్పినది చెప్పినట్లే వ్రాయవలెను. జవాబు తప్పని తనకు తోచినను పెదవి కదుపరాదు. లేఖకుని చదువు అభ్యర్థి చదువుకన్న తక్కువ తరగతిదై ఉండవలెననునది సాధారణ నియమము. పరీక్షను బట్టి ఈ వివరములు మారుచుండును గనుక ముందుగా విచారించుకొనవలెను. డిగ్రీ చదివినవారి పరీక్షకు ఇంటర్మీడియటు పిల్లవాడు పనికివచ్చుట ఇందువలననే. ఇందులో మరువరానిది ఒకటి ఉన్నది. వచ్చెదనన్న లేఖకుడు ఆ ఉదయము రాకపోయినచో ఒక మనిషికి సంవత్సరకాలపు కష్టము వృథా అగును.

రెండవది రక్తదానము. 18 సంవత్సరములు నిండి, 45 కిలోలకు తక్కువ కాని బరువు కలిగి, ఆరోగ్యముగా ఉన్నవారు వైద్యపరీక్ష తరువాత రక్తము ఈయవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఈయవచ్చును. తీవ్రమైన తలసీమియాతో పుట్టిన పిల్లలకు రెండు నుండి నాలుగు వారములకొకమారు రక్తము ఎక్కించవలసి ఉండును. ఎర్రకణములను శీతలములో దాచినను ఆరు వారములకు మించి నిలువవు. అందుచేత ఏ నాయకుని పుట్టినరోజుననో ఒక్క పెద్ద శిబిరము పెట్టి మిగిలిన ఏడాది ఊరకుండిన లాభము లేదు. కళాశాలలకు సెలవులిచ్చు వేసవిలోను ఆ పసివానికి రక్తము కావలెను. ఒక హాస్టలులోని ఇరువదిమంది తమలో తాము నెలలు పంచుకొని, ఎవరి నెలలో వారు పోయి ఇచ్చినచో ఆ సంఘమునకు జెండాతో పని లేదు.

మూడవది ఆపదలో అండ. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు దిగువనున్న కాలనీలు నీట మునిగినవి. ఇట్టి సమయములలో మొదటి దినమున అన్నపు పొట్లములు పట్టుకొని చాలమంది వత్తురు. అది మంచిదే. కాని నీరు తీసిన తరువాత, ఇంటిలోని బురద ఎత్తిపోయుటకు, తడిసిన పత్రములను ఆరబెట్టుటకు, వృద్ధులను ఆసుపత్రికి కొనిపోవుటకు, సహాయపు దరఖాస్తు నింపిపెట్టుటకు మనుషులు కావలెను. రెండవ వారమున వచ్చు చేతులు తక్కువ. ఆ రెండవ వారమునకు నిలుచువాడే సంఘమునకు వెన్నెముక.

సంఘములో చేరుటకు ముందు విద్యార్థి కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. బాధ్యత వహించు పెద్ద ఎవరు? చందా వసూలు చేసినచో లెక్కను సభ్యులకు చూపుదురా? పని వేళలు ముందుగా చెప్పుదురా? ఆడపిల్లలు క్షేమముగా పోయివచ్చు ఏర్పాటు ఉన్నదా? పరీక్షల నెలలో సెలవు ఇత్తురా? విడిచిపోదలచినప్పుడు మర్యాదగా విడువనిత్తురా? వీటికి సూటిగా జవాబు రాని చోట చేరకుండుటే మేలు. చేరినచో ఒక్కదానియందే చేరవలెను. నాలుగు సంఘములలో పేరు వ్రాయించుకొన్నవాడు దేనికిని అక్కరకు రాడు.

ఇక చదువు సంగతి. చిన్న గదిలో నలుగురు పడుకొని, నలుగురును ఒకే పరీక్షకు చదువుచు, ఒకరి పేరు తప్ప ఒకరి కష్టము ఎరుగక నెలలు గడుపు పిల్లలు మన పట్టణమున ఎందరో ఉన్నారు. పరీక్ష తప్పిన దినమున వారి తలుపు తట్టువాడు ఉండడు. ఆదివారము ఎవరితోనో కలిసి పనిచేసినవానికి ఆ తలుపు తట్టు మనిషి దొరకును. తనకు ఒక మార్కు తగ్గినది గాని, తాను పనికిరానివాడు కాడని అతనికి తెలిసియుండును. ఈ తెలివి ఏ కోచింగు సెంటరులోను చెప్పరు. చదువును నిలబెట్టునది కూడ ఇదియే.

కావున, పిల్లలను పట్నము పంపిన తలిదండ్రులకు మా విన్నపము ఒక్కటి. రాత్రి ఫోను చేసినప్పుడు “తిన్నవా, సదివినవా” అని అడుగుడు. దానితోపాటు అప్పుడప్పుడు మరియొక ప్రశ్న కూడ వేయుడు: “ఈ వారం ఎవరికన్న ఆసరైనవా, బిడ్డా?” మొదట ఆ బిడ్డ తెల్లబోవచ్చును. రెండవసారి అడుగునప్పటికి చెప్పుటకు ఏదో ఒకటి చేసి ఉండును.