మీకు తెలుసా? పార్కిన్సన్స్ మందు దూలగొండి గింజలోనూ ఉంది!

● పార్కిన్సన్స్ వ్యాధికి నేటికీ ప్రధానమైన మందు లెవోడోపా. మన కంచెల మీద పాకే దూలగొండి గింజల్లో ఇది సహజంగానే ఉంటుంది. కాయ మీది నూగు ఒంటికి తగిలితే మాత్రం భరించలేని దురద! ఆ గింజల నుంచి లెవోడోపాను శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి వేరుచేసి 1937లో ప్రకటించారు.

● 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చారు. సర్పగంధ వేరులో దొరికే ఈ మందుతో అవి కదల్లేక చతికిలబడ్డాయి. డోపా (లెవోడోపా దీనిలో ఒక రూపమే) ఎక్కించిన కాసేపటికే లేచి తిరిగాయి! 2000లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది.

● చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో డోపమిన్ అనే రసాయనం బాగా తగ్గిపోయిందని 1960లో వియన్నాలో శాస్త్రవేత్త హార్నికీవిచ్ తేల్చారు. డోపమిన్‌ను నేరుగా ఇస్తే రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు. లెవోడోపా వెళ్లగలదు, అక్కడే డోపమిన్‌గా మారుతుంది. ఇది లక్షణాలను తగ్గిస్తుందే గానీ వ్యాధిని నయం చేయదు.

● జాగ్రత్త! గింజల్లో మందు పాళ్లు ఒకేలా ఉండవు. డాక్టరును అడగకుండా వాటిని తినొద్దు, వాడుతున్న మాత్రలు ఆపొద్దు.